మూత కింద మడత

మా బావమరిదిని లాంచీలో పనికి పెట్టించింది నేనే. ఈ మాట ఇప్పటికీ నలుగురిలో చెబుతుంటాను. చెప్పినప్పుడల్లా నా గొంతులో కొంచెం కారం ఉంటుంది.

అప్పటికి తొమ్మిదేళ్లుగా కలకత్తా గార్డెన్ రీచ్‌లో, నది లోతు కొలిచేవాళ్లను తిప్పే లాంచీ మీద ఇంజన్ గదిలో పనిచేస్తున్నాను. మా ఇంజన్‌ను చల్లబరిచేది హుగ్లీ నీళ్లే. ఆ నీళ్లతో వచ్చే చెత్త పంపులోకి పోకుండా ఆపేది స్ట్రైనర్. ఒక డబ్బా, అందులో సన్నచిల్లుల బుట్ట. రోజూ పొద్దున్నే వాల్వు కట్టేసి, మూత విప్పి, బుట్ట పైకి తీసి, బ్రష్షుతో తోమి మళ్లీ బిగించాలి. ఒండ్రు, గుర్రపుడెక్క వేళ్లు, ప్లాస్టిక్ పీలికలు. మోచేతుల దాకా కంపు. అయినా అది నా పని. మా ఇంజన్ డ్రైవరు ఎక్కువ మాట్లాడని బెంగాలీ పెద్దమనిషి. అందరికీ ఆయన దాదా. తొమ్మిదేళ్లలో ఒక్కసారీ నేను తోమిన బుట్టను తిప్పి చూడలేదు. అదే మెప్పనుకునేవాణ్ణి.

నా భార్య తమ్ముడు జూట్ మిల్లు మూతపడి ఖాళీగా ఉంటే దాదాను బతిమాలి తెచ్చుకున్నాను. పని నేర్పాను. నాలుగో నెలలో ఒకరోజు వాడు తోమిన బుట్టను బల్బుకు ఎదురుగా పట్టుకున్నాడు.

"బావా, ఈ మూల వెలుతురు ఎక్కువొస్తంది, సూడు."

"పాత బుట్ట అలగే ఉంటాది. ఎట్టీరా," అన్నాను.

వెనకే దాదా నిలబడి ఉన్నాడు. బుట్ట తీసుకుని చూశాడు. అతుకు దగ్గర చిరుగు. పంపు విప్పిస్తే లోపలి రబ్బరు రెక్కలు ఇసుకకు అరిగిపోయి ఉన్నాయి. మర్నాడు, "స్ట్రైనర్ ఇక వాడు చూస్తాడు. నువ్వు నూనె చూసుకో," అన్నాడు.

ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ నా భార్య మురిసిపోయింది. "దాదా తన అన్నం డబ్బాలోంచి మా తమ్ముడికి ఇలస చేప ముక్క ఎట్టినాడంట!"

నాకు తొమ్మిదేళ్లలో పులుసు చుక్క కూడా పెట్టలేదు. కడుపు నొప్పని లేచిపోయాను. ఆ తర్వాత వాడు నవ్వినా, పాట కూనిరాగం తీసినా, దాదా వాణ్ణి పేరు పెట్టి పిలిచినా నాకు ఒళ్లు మండేది.

దుర్గ పూజలయ్యాక, నిమజ్జనాల మర్నాడు నది నిండా ఎండుగడ్డి, బంతిపూల దండలు. వాడు స్ట్రైనర్‌ను రెండుసార్లు తోమాల్సి వచ్చింది. రెండోసారి తొందరలో మూత బిగిస్తుంటే దాని కింద రబ్బరు వాషరు ఒకపక్క మడతపడటం నేను చూశాను. రెండడుగుల దూరంలో ఉన్నాను. చెప్పలేదు. దాదా వాణ్ణి నలుగురిలో తిడితే వినాలనిపించింది. అంతే.

మా స్ట్రైనర్ నీటిమట్టానికి కాస్త పైన ఉంటుంది. మూత సరిగా కూర్చోకపోతే పంపు నీళ్లకు బదులు గాలి పీలుస్తుంది. జెట్టీ దగ్గర నెమ్మదిగా ఉన్నంతసేపు తెలియలేదు. నది మధ్యలో వేగం పెంచగానే వేడి చూపే ముల్లు ఎర్రగీత దాటింది. దాదా ఇంజన్ ఆపేశాడు. ఆటు నీటి లాగుడుకు లాంచీ అడ్డంగా తిరిగి, లంగరేసి ఉన్న సరుకు బార్జీల వైపు కొట్టుకుపోసాగింది. పైన కొలతలవాళ్లు కేకలు. బావమరిది పైపులు తడుముతున్నాడు.

నేను ఎక్కడా వెతకలేదు. తిన్నగా వెళ్లి వాల్వు కట్టి, మూత విప్పి, వాషరు సరిచేసి, డబ్బా నిండా నీళ్లు పోసి బిగించి వాల్వు తెరిచాను. ఇంజన్ అందుకుంది. బార్జీ పక్క తుప్పు మరకలు కనిపించేంత దగ్గరగా తప్పించుకున్నాం.

"నీ కన్నే కన్ను," అన్నాడు దాదా నా భుజం తట్టి. ఎన్నేళ్లో ఎదురుచూసిన మాట. నేను తలెత్తలేకపోయాను.

జెట్టీ చేరాక బావమరిది నా పక్కన కూర్చున్నాడు.

"నీకు ముందే తెలుసు కదా బావా?"

"సూసినాను," అన్నాను.

వాడు చాలాసేపు చేతుల గ్రీజు తుడుచుకున్నాడు. దాదాతో తప్పు తనదేనన్నాడు. ఇంట్లో అక్కతో, "బావే నేకపోతే పోయుందుం," అని చెప్పాడు. నా భార్య ఆ పూట నాకు కొసరి కొసరి వడ్డించింది. సిగ్గు పడ్డాను. కానీ నిజం చెప్పాలంటే, ఆ సిగ్గు అడుగున మళ్లీ అదే మంట. చేపముక్క వాడికే, మంచితనమూ వాడికేనా?

వాడొక్కడే మంచివాడిగా మిగలడం ఓర్వలేక మర్నాడు దాదాకు అంతా చెప్పేశాను. ఆయన బీడీ పారేసి, "ఒకడు బిగించాలి, ఇంకొకడు చూడాలి. ఇక నుంచి ఇద్దరూ," అన్నాడు. భుజం మాత్రం మళ్లీ తట్టలేదు.

రెండేళ్లు అలాగే చేశాం. పోయిన చలికాలం వాడు ఇంజన్ డ్రైవరు పరీక్ష పాసయ్యాడు. ఇంటికొచ్చి వాళ్లక్క కంటే ముందు నా కాళ్లకు దణ్ణం పెట్టాడు. ఆ వారమే నేనూ పరీక్ష పుస్తకం తెచ్చుకున్నాను. అది బెంగాలీలో ఉంది. మాట్లాడటమే గాని నాకు చదవడం రాదు. ఆదివారాలు వాడే వచ్చి చదివి వినిపిస్తున్నాడు.