అగ్గిపెట్టెలో సన్నరేకు

మిర్యాలగూడలో రైస్ మిల్లుల వెనక బజారులో భీమ్లా అంటే రేడియోలు బాగుచేసే మనిషి అని పేరు. నిజానికి భీమ్లా పనిచేసేది మిల్లులో, మోటార్ల దగ్గర. రేడియో లోపల ఏముంటుందో అతనికి అంతంతమాత్రమే తెలుసు. బాగుచేసేది అతని భార్య నీలా. ఆ సంగతి నాలుగేళ్ళపాటు ఇంటి గడప దాటలేదు.

నీలాది ఆత్మకూర్ (ఎస్) దగ్గరి తండా. సూర్యాపేట హాస్టల్లో ఉండి పదో తరగతి పాసైంది. ఎనభై మూడులో, హైదరాబాద్‌లో వాచ్‌మన్‌గా ఉన్న మేనమామ ఆమెకు ఒక చిన్న కార్ఖానాలో పని ఇప్పించాడు. అక్కడ రేడియోలకూ యాంప్లిఫయర్లకూ వాల్యూం కంట్రోళ్ళు తయారయ్యేవి. నల్లటి కార్బన్ పట్టీ మీద, వెంట్రుకల్లాంటి వేళ్ళున్న ఇత్తడి రేకును కూర్చోబెట్టి, మీట అటూ ఇటూ కదిలించి చూడటం నీలా పని. రేకు గట్టిగా ఒత్తితే పట్టీ తొందరగా అరుగుతుంది, వదులైతే కరకరమంటుంది. ఎంత ఒత్తాలో ఎవరూ నేర్పలేరు, వేలికే తెలియాలి. ఐదేళ్ళలో నీలా వేలికి తెలిసింది. ఆ తర్వాత కార్ఖానా మూతపడింది. తండాకు తిరిగొచ్చింది, పెళ్ళయింది, మిర్యాలగూడ చేరింది.

అక్కడ మొదట ఆమె చేయి పెట్టింది పక్కింటి కొమురమ్మ రేడియో మీద. గొంతు పెంచబోతే చాలు, బర్రుమని అరిచేదది. నీలా విప్పి, దూదికి స్పిరిటు అద్ది లోపల తుడిచి, రేకును పిసరంత సర్దింది. అంతే, రేడియో దారికొచ్చింది. తర్వాత టేపు రికార్డర్లు వచ్చాయి, మైకుసెట్ల యాంప్లిఫయర్లు వచ్చాయి. కానీ తెచ్చినవాళ్ళు ఆడమనిషి చేతికి ఇవ్వడానికి జంకేవాళ్ళు. ఒకాయన యాంప్లిఫయర్‌ను గడపలో దించినట్టే దించి మళ్ళీ భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. ఆ రోజు భీమ్లాయే ఒక ఉపాయం చెప్పాడు. బయట మాట్లాడేది తను, లోపల చేసేది ఆమె.

నీలాకు అప్పుడు అది మోసమనిపించలేదు. పని చేతికొస్తే చాలనుకుంది. ఏళ్ళు గడిచేకొద్దీ, భీమ్లా చేయి మంచిదని జనం మెచ్చుకుంటుంటే తలుపు చాటున నిలబడి వినడం కష్టమైంది. భీమ్లా కూడా రానురాను ఆ మెప్పు తనదే అన్నట్టు నవ్వడం నేర్చాడు.

తొంభై రెండు ఫిబ్రవరిలో, ఒక బేస్తవారం పొద్దున, కోదాడ నుంచి యోహాను మాస్టారు వచ్చాడు. బడిలో పంతులు, చర్చిలో పాటల బృందం నడిపే మనిషి. పాత దుప్పట్లో చుట్టిన కీబోర్డును పసిబిడ్డను పట్టుకున్నట్టు రెండు చేతులా పట్టుకుని దిగాడు. దాన్ని ఆయన బావమరిది గల్ఫు నుంచి తెచ్చాడట. వాల్యూం మీట జరిపితే ఉన్నట్టుండి శబ్దం మాయమవుతోంది, మళ్ళీ ఒక్కసారిగా గోల పెడుతోంది. నడుమనున్న స్వరాల మీటలు గట్టిగా నొక్కితే తప్ప పలకడం లేదు. శనివారం సాయంత్రం హుజూర్‌నగర్‌లో సువార్త కూటాలు. వాడపల్లి వైపు నుంచి ముప్పై మంది ఆడవాళ్ళు, నాట్లకూ కలుపులకూ పోయేవాళ్ళు, నెల రోజులుగా ఈ కీబోర్డు శ్రుతి మీదే పాటలు నేర్చుకున్నారు. ఇది పలకకపోతే వాళ్ళకు ఎక్కడ ఎత్తుకోవాలో తెలియదు.

భీమ్లా అలవాటు ప్రకారం, పెట్టిపొండి సార్, సాయంత్రానికి చూస్తనన్నాడు. మాస్టారు ఒప్పుకోలేదు.

"వదిలి వెళ్ళలేనండీ. నా ముందే విప్పండి, ఇక్కడే కూర్చుంటాను" అని చాప మీద చతికిలబడ్డాడు.

భీమ్లా నీలా వైపు చూశాడు. నీలా సామాన్ల డబ్బా తెచ్చి అతని ముందు పెట్టి గోడకు ఆనుకుని నిలబడింది. వెనక స్క్రూలు తీయడం వరకూ భీమ్లాకు వచ్చు. అవి ఒక్కొక్కటే ఊడుతుంటే మాస్టారు తలూపాడు. లోపలి నుంచి వాల్యూం మీట ఉన్న చిన్న పలక బయటికొచ్చింది. మీట మీద ఇనప మూత, దానికి నాలుగు మడతలు. ఆ మడతల్ని సన్నటి బ్లేడుతో అటొకటి ఇటొకటి కొద్దికొద్దిగా లేపాలి. భీమ్లా లావు స్క్రూడ్రైవర్ తీసుకుని ఒక పక్క నుంచి పొడిచాడు.

నీలా తమ లంబాడీ మాటలో మెల్లగా, ఆగమంది. కొత్తమనిషి ముందు భీమ్లాకు తల కొట్టేసినట్టయింది. ఊకోమని అదే భాషలో కసిరాడు.  ఇంకొంచెం బలం పెట్టాడు. మూత ఎగిరి పడింది, స్క్రూడ్రైవర్ మొన నల్లటి పట్టీ మీద పొడుగునా జారిపోయింది.

 ఏమైందని మాస్టారు వంగి చూశాడు. ఏం కాలేదంటూ భీమ్లా పట్టీకి చేయి అడ్డం పెట్టాడు. ఇప్పుడు నోరు మూసుకుంటే ఈ అబద్ధం తన మెడకే చుట్టుకుంటదని నీలాకు అనిపించింది. గోడ వదిలి ముందుకొచ్చింది.

"సార్, పట్టీ గీసుకపోయింది. ఆయనకు ఈ పని రాదు. ఇన్నేండ్ల సంది చేస్తున్నది నేను. జర నాకియ్యిండ్రి."

మాస్టారు లేచి నిలబడ్డాడు. ఒకరి తర్వాత ఒకరి ముఖం చూశాడు. "ఊరందరికీ ఇన్నాళ్ళు అబద్ధం చెప్పారు. ఇప్పుడీ మాట మాత్రం నిజమని ఎట్లా నమ్మమంటారు?" అని విప్పిన ముక్కలన్నీ దుప్పట్లో వేసి మూట కట్టడం మొదలుపెట్టాడు. ఆ గుంజుడుకు రెండు వైర్లు ఊడిపోయాయి. నీలా చెప్పబోయింది, ఆయన వినలేదు. సూర్యాపేటలో ఇంకో మెకానిక్‌కు చూపిస్తానని అటు బస్సెక్కి వెళ్ళిపోయాడు.

భీమ్లా అన్నం ముట్టలేదు. చెప్పులు వేసుకుంటూ, "నలుగుట్ల నా ఇజ్జత్ తీసినవ్" అని మిల్లుకు పోయాడు.

మధ్యాహ్నం చాప దులుపుతుంటే అల్లికలో ఏదో మెరిసింది. బియ్యపు గింజంత ఇత్తడి రేకు, దానికి నాలుగు సన్నటి వేళ్ళు. మూత ఎగిరినప్పుడు పడిపోయి ఉంటుంది. నీలా దాన్ని వెంటనే గుర్తుపట్టింది. ఇది లేకుండా ఆ మీటను సూర్యాపేటలోనే కాదు, ఎక్కడా ఎవరూ బాగుచేయలేరు. అగ్గిపెట్టె ఖాళీ చేసి, దూది పరిచి, అందులో పెట్టింది.

భీమ్లా మిల్లు నుంచి రాగానే చూపించింది. పారెయ్యమన్నాడు. అతని మాట ప్రకారం, ఆమె కోదాడ పోతే బజారంతా నవ్వుతుంది, అదీగాక ఆ మాస్టారు గడప తొక్కనియ్యడు. నీలా వాదించలేదు. తెల్లారి మొదటి బస్సుకు, సామాన్లు చేతిసంచిలో వేసుకుని ఒక్కతే బయల్దేరింది. పోతానని చెప్పింది గానీ పోనా అని అడగలేదు. భీమ్లా మంచం మీద గోడవైపు తిరిగి పడుకునే ఉన్నాడు.

కోదాడ బస్టాండులో అడిగి అడిగి ఇల్లు పట్టుకునేసరికి ఎండ నెత్తికెక్కింది. తలుపు తీసింది మాస్టారు భార్య దుర్గమ్మ. లోపల బల్ల మీద కీబోర్డు ముక్కలు ముక్కలుగా పడి ఉంది. సూర్యాపేట మెకానిక్ చూసి, లోపలి రేకే లేదు, మీట మొత్తం కొత్తది వేయాలి, మద్రాసుకు రాసినా దొరుకుతుందో లేదో అన్నాడట. నీలాను చూడగానే మాస్టారు ముఖం ఎర్రబడింది. రేకును కావాలనే దాచుకున్నారా అని అడిగాడు.

నీలా అగ్గిపెట్టె తెరిచి బల్ల మీద పెట్టింది.

"దాసుకుంటే మీ ఇంటికెందుకు తెస్త సార్? సాపల ఇరుక్కున్నది. మీరు తొందరల మూటగట్టిన్రు, నేనూ సూస్కోలే."

మాస్టారు ఆ రేకు వంక చాలాసేపు చూశాడు. ఆయన నోరు తెరిచేలోపే దుర్గమ్మ అందుకుంది. "రేపు మధ్యాహ్నానికి ఆడవాళ్ళు లారీ ఎక్కుతారండీ. ఇంక మనకెవరున్నారు? చెయ్యనివ్వండి."

ఆయన కుర్చీ లాక్కుని బల్లకు అవతల కూర్చున్నాడు. చెయ్యమని అనలేదు, వద్దనీ అనలేదు.

కరెంటు లేదు, రెండింటికి గాని రాదు. నీలా మందపాటి రాగితీగ ముక్కను కిరసనాయిలు స్టవ్వు మీద కాల్చి, దాంతోనే సీసం కరిగించి ఊడిన రెండు వైర్లు అతికింది. ఆ తర్వాత వచ్చింది అసలు కష్టం. గీత పట్టీకి నట్టనడుమ పడింది. అంచున మాత్రం నలుపు చెక్కుచెదరలేదు. రేకు వేళ్ళు ఆ అంచు మీద నడవాలంటే ఒక్కో వేలును మొదట్లో పట్టుకుని వెంట్రుకవాసి పక్కకు వంచాలి. పాత ఇత్తడి, ఒకసారి వంగుతుంది, రెండోసారి విరుగుతుంది. విరిగితే ఇంకో రేకు లేదు.

ఊపిరి బిగపట్టి, సన్న పటకారులాంటి చిమటాతో మొదటి వేలు వంచింది. రెండోది వంచింది. దుర్గమ్మ వంటగది గుమ్మంలో కదలకుండా నిలబడింది. మూడోది కూడా వంగింది. నాలుగోది వంచుతుండగా చిమటా కొనకు ఏదో తేలికైనట్టు తెలిసింది. వేలు విరిగింది. ఎదురుగా ఉన్న మాస్టారికి కనబడలేదు. మూత బిగించేస్తే ఎప్పటికీ కనబడదు కూడా. నీలా చిమటా కింద పెట్టింది.

"సార్, ఒక వేలు ఇరిగింది. ఇగ మూడిటి మీదనే నడవాలె. నడవకుంటె నా తప్పే."

మాస్టారు కళ్ళు మూసుకున్నాడు. పెదవులు కదిలాయి, ప్రార్థన చేసుకుంటున్నాడో కోపం దిగమింగుకుంటున్నాడో నీలాకు అర్థం కాలేదు. కళ్ళు తెరిచి, "కానియ్యమ్మా" అన్నాడు.

మూత బిగించి, బ్యాటరీలు వేసి, మీటను కింది నుంచి పైకి జరిపింది. మొదట నిశ్శబ్దం, పావువంతు దగ్గర చిన్న కరకర, ఆ తర్వాత శబ్దం నున్నగా పైకి లేచింది. యాభై అరవై సార్లు జరిపి చూసింది. తర్వాత స్వరాల మీటల కింది రబ్బరు పట్టీలు తీసింది. నడుమ పట్టీకి ఉన్న నల్లటి బొట్లు అరిగి తెల్లబడ్డాయి. పై చివర స్వరాలు ఎవరూ ముట్టరు గనుక అక్కడి బొట్లు కొత్తగానే ఉన్నాయి. ఆ పట్టీని నడిమికి, నడిమిదాన్ని చివరికి మార్చింది. అన్నీ పలికాయి, కొసన ఒక్క మీట తప్ప. అదీ చెప్పింది. మూడు వేళ్ళ మీద నడిచేది గనుక, వేదిక మీద వాల్యూం ఒకచోట పెట్టి మళ్ళీ ముట్టుకోవద్దని కూడా చెప్పింది.

ఎత్తూ తగ్గూ లేకుండా పాటలు ఎట్లా నడుస్తాయన్నాడు మాస్టారు. అయితే నువ్వు కూడా హుజూర్‌నగర్ వచ్చి నా పక్కన కూర్చోమన్నాడు. నీలా మిర్యాలగూడ బస్సు కండక్టరుతో మిల్లుకు కబురంపి, ఆ పూట దుర్గమ్మ దగ్గరే ఉండిపోయింది.

శనివారం పొద్దు వాలుతుండగా మైదానం నిండిపోయింది. రెండు పాటలు బాగానే సాగాయి. మూడో పాట వీరమ్మ అనే ఆమె ఒంటరిగా ఎత్తుకోవాలి. ఆమె గొంతు వినబడాలని మాస్టారు వాల్యూం కిందికి జరిపాడు. పావువంతు దగ్గర చిటపటమంది, ఆ వెంటనే కీబోర్డు మూగబోయింది. వీరమ్మ పట్టిన స్వరం ఒక్కటే గాలిలో నిలబడింది. వెనక ముప్పై మంది మాస్టారి వంక చూస్తున్నారు. ఆయన మీటను మళ్ళీ పైకి జరిపినా పలకలేదు.

నీలా ఆలోచించలేదు. పక్క నుంచి చేయి చాపి, బొటనవేలితో మీటను అంచు వైపు అదిమింది. శబ్దం తిరిగొచ్చింది. వేలు తీస్తే పోతుందని తెలుసు. అందుకని తీయలేదు. మాస్టారు తల ఊపినప్పుడల్లా పెంచుతూ, తగ్గిస్తూ, ఆఖరి పాట దాకా అట్లాగే వంగి నిలబడింది. చేయి తిమ్మిరెక్కింది, నడుం పట్టేసింది. మైదానంలో ఉన్న వాళ్ళంతా ఆమెను చూస్తున్నారన్న సంగతి కూటం ముగిశాక గాని తట్టలేదు.

మాస్టారు మైకులో ఆమె మాట ఎత్తలేదు. బస్సెక్కించేటప్పుడు మాత్రం, "మొన్న మీ ఇంట్లో గట్టిగా మాట్లాడాను" అన్నాడు. 

భీమ్లా తొమ్మిది రోజులు ఆమెతో మాట్లాడలేదు. పదో రోజు టెంట్‌హౌస్ దశరథ, మైకులో గొంతు మారుమోగించే ఎకో మిషన్ ఒకటి తెచ్చి, భీమ్లా, జర సూడన్నాడు. భీమ్లా తల ఎత్తకుండానే, "నాకు రాదే. చేసేది నీలా. ఇయ్యబుద్ధైతే ఇయ్యి" అన్నాడు. దశరథ అటూ ఇటూ చూసి మిషన్ ఎత్తుకుని వెళ్ళిపోయాడు. నాలుగు నెలలు ఇంటికి సామాన్లు రావడం తగ్గిపోయింది. భీమ్లా ఆ మాట వెనక్కి తీసుకోలేదు, ఇట్లయిందేమని సణగనూ లేదు.

తర్వాత కోదాడ నుంచి మాస్టారు ఒకరిద్దరిని పంపాడు. గల్ఫు నుంచి అసలు మీట తెప్పించుకుని దాన్ని కూడా ఆమె చేతనే వేయించుకున్నాడు. ఏడాది తిరిగేసరికి సూర్యాపేట మెకానిక్ తనకు అంతుపట్టని కీబోర్డులు రెండు బస్సులో పంపించాడు. తొంభైల చివరికి వచ్చేసరికి మూడు ఊళ్ళ పాటలబృందాల వాళ్ళకూ నీలా ఇల్లు తెలుసు. అయినా కొత్తగా వచ్చేవాళ్ళలో కొందరు ఆమె ముందు నుంచే నడిచి వెళ్ళి, అరుగు మీది భీమ్లాను మెకానిక్ ఎక్కడని అడిగేవాళ్ళు. అతను బీడీ తీయకుండానే గడ్డంతో ఆమెనే చూపించేవాడు. అట్లాంటివాళ్ళలో ఎప్పుడన్నా ఒకరు సామాను తిరిగి ఎత్తుకుపోయినా, నీలా పనిలోంచి తలెత్తి చూడటం మానేసింది.