కొబ్బరికాయకు మూడు కళ్ళు

తొంభైల్లో నేను అమలాపురంలో ఒక కాలేజీలో బొమ్మలు వేయడం నేర్పేదాన్ని. మొదటి సంవత్సరం పిల్లలను రంగులు ముట్టనిచ్చేదాన్ని కాదు. పెన్సిలు, కాగితం, బల్ల మీద ఒక వస్తువు, అంతే. కనిపించింది వేయడం వస్తే మిగతావన్నీ వాటంతటవే వస్తాయి. ఇప్పటికీ ఆ మాట మీదే ఉన్నాను.

మొదటి రోజు ఎప్పుడూ కొబ్బరికాయే. పీచు, పిలక శుభ్రంగా తీయించి, కళ్ళు గోడవైపు తిప్పి పెట్టేదాన్ని. పిల్లలు కూర్చున్న చోటునుంచి అవి కనిపించే వీలే లేదు. అయినా ఏ ఏడు చూసినా అందరి కాగితాల మీదా మూడు కళ్ళు! పుట్టినప్పటినుంచీ కొబ్బరికాయల మధ్య తిరిగిన కోనసీమ పిల్లలకు కాయకేసి చూడాలనే తోచదు.

ఒక ఏడాది అంబాజీపేటనుంచి వచ్చే అమ్మాయి కాగితం పట్టుకుని, "ఈ కళ్ళు నీకెక్కడ కనిపించాయమ్మా?" అని గట్టిగానే అడిగాను.

"కళ్ళు లేని కాయ ఎక్కడైనా ఉంటుందేటండీ?"

"ఉండదు. కానీ నీ చోటునుంచి కనిపించవు."

ఆ పిల్ల రబ్బరు తీయలేదు. స్టూలు ఎత్తుకుని వెళ్ళి గోడవైపు కూర్చుంది. "ఆయ్, ఇక్కణ్ణుంచి కనబడుతున్నాయండీ" అంది. క్లాసంతా నవ్వింది. నాకు ఒళ్ళు మండింది.

కాసేపు కాయనూ కాగితాన్నీ మార్చి మార్చి చూసింది. "నీడ అటు పడాలి కదండీ. ఇక్కణ్ణుంచి కూడా ఇది తప్పేనండీ" అంటూ కాగితం తనే చింపేసి, కొత్తది అడిగింది.

ఇచ్చాను. ఆ పూటంతా తలెత్తినప్పుడల్లా కాయకేసే చూసింది తప్ప, నాకేసి ఒక్కసారీ చూడలేదు.