ఎవరూ పట్టుకోని ఫోన్‌లో అడుగులు

దయ్యాలను నేనెన్నడూ నమ్మలేదు. ఎనిమిదో తరగతిలోనే బడి మానేశాను కాబట్టి, నాకు తెలిసిన దయ్యం మా లెక్కల సారు ఒక్కడే. కానీ ఇది నా కళ్లముందు జరిగింది, పట్టపగలు.

శంషాబాద్‌లో నాకు సెల్‌ఫోన్ రిపేరు షాపుంది. ఎవరి ఫోన్ విప్పినా ముందు అందులోని సరుకంతా కంప్యూటర్‌లోకి కాపీ తీసుకోవడం నా పద్ధతి. ఎయిర్‌పోర్టులో ట్రాలీలు తోసే ప్రకాశం ఫోన్‌కూ అలాగే తీశాను. తర్వాత చెరిపేయాలి, బద్ధకించాను.

రెండు నెలలకు ప్రకాశం రోడ్డు ప్రమాదంలో పోయాడు. ఫోన్ కూడా నుజ్జయింది. ఆయన భార్య మరియమ్మ మహేశ్వరం నుంచి వచ్చింది.

"అన్నా, బిడ్డ కోసం ఆయన చేసిన ప్రార్థన ఆ ఫోన్లనే రికార్డు చేసిండు. ఆయన గొంతు ఇంకెక్కడ లేదు."

కంప్యూటర్ లోపల వర్చువల్ మెషీన్ అనే ఉత్తుత్తి యంత్రం పెట్టి, అందులో ఆండ్రాయిడ్ నడిపించవచ్చు. తెర మీద అచ్చం ఫోన్‌లాగే ఉంటుంది, జేబులో పట్టదంతే. ప్రకాశం కాపీని అందులోకి ఎక్కించి, ఏదైనా చెడితే వెనక్కి రావడానికి ఆ స్థితిని భద్రం చేసుకున్నాను.

రికార్డింగ్ తెరుచుకోలేదు. కెలికాను, మొత్తం బిగుసుకుపోయింది. భద్రం చేసిన స్థితికి వెనక్కి వెళ్లాను.

అప్పుడు చూశాను. ప్రకాశం రోజుకెన్ని అడుగులు వేశాడో లెక్కపెట్టే యాప్ ఒకటి ఉంది. ఇందాక సున్నా. ఇప్పుడు రెండు వందల పన్నెండు. చూస్తుండగానే పదమూడు, పద్నాలుగు.

వెనక్కి వస్తే అన్నీ వెనక్కి రావాలి. పైగా ఆ కంప్యూటర్‌కు కదలిక తెలిసే పరికరమే లేదు. నా అనుమానం నాతో నెట్ పంచుకునే పక్క షాపు సలీం భాయ్ మీదికి పోయింది. నెట్ తీగ పీకేశాను. అంకె ఆగలేదు. కేకేస్తే సలీం వచ్చి చూశాడు.

"నీ పరాచికాలకు నేనే దొరికిన్నా? ఈమెను గూడ ఏడిపిస్తున్నవ్ గదరా!"

మరియమ్మ కూడా నన్నే అనుమానంగా చూసింది. తప్పు నాదే, ఊరందరితో ఆటలాడాను. ఇది నా పని కాదని ఒట్టేసి చెప్పాను. సలీం ముందే కంప్యూటర్ డబ్బాను ఎత్తి ఊపాను. అంకె ఎగరలేదు, తన నడక తనది.

"మొత్తం చెరిపి మళ్ల ఎక్కిస్తే రికార్డింగ్ తెరుచుకోవచ్చక్కా," అన్నాను.

"చెరిపితే ఈ నడక?"

మౌస్ మీంచి చెయ్యి తీసేశాను.

"అయితే జర ఆగన్నా. బస్సు దిగి ఇంటికే నడిచిపోతున్నడేమో."

ముప్పావు గంట కూర్చున్నాం. నాలుగు వేల ముప్పై ఆరు దగ్గర అంకె ఆగింది. మరియమ్మ ఇంటికి ఫోన్ చేసింది.

"బిడ్డా, తలుపు తీసి చూడు."

చాలాసేపు విన్నది. ఫోన్ పెట్టేసింది.

"ఇగ చెరుపన్నా."

చెరిపి, మళ్లీ ఎక్కించాను. రికార్డింగ్ ఒక్క నొక్కుకే తెరుచుకుంది. మరియమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని వింది. అడుగులు సున్నా. తర్వాత ఎన్నిసార్లు నడిపించి చూసినా సున్నానే.

కారణం నాకిప్పటికీ అంతుపట్టలేదు. మరియమ్మ ఆ తర్వాత రెండుసార్లు షాపుకు వచ్చింది. తలుపు తీసిన బిడ్డ ఏం చెప్పిందో, ఇంత వాగుడుకాయను, ఇంతవరకూ అడగలేదు.