మురుగన్‌ని పూవు అడిగాం

ఎనిమిదో తరగతిలో నేను బడి మానేసిన రోజు నాకన్నా మా లెక్కల సారే ఎక్కువ సంబరపడ్డాడు. కోయంబత్తూరులో మా నాయనకు లేతు పట్టరై, అదే లేతు మిషన్ల షెడ్డు, ఉంది. నేనూ ఆ పట్టరైలోనే ఇనుము కోయాలని ఆయన పట్టు. నాకేమో పరోటా మాస్టర్ కావాలని ఆశ. పెనం ముందు నిలబడి పిండిని గాల్లో విసిరేవాణ్ని చూస్తే నాకు కాళ్లు కదిలేవి కావు.

ఇంట్లో కూడు తినడం కూడా గొడవైపోయి, చివరికి మా పేట మురుగన్ గుడిలో పూవు అడుగుదామన్నాడు నాయన. తెల్లపూవును, ఎర్రపూవును వేరువేరు పొట్లాలు కట్టి సామి ముందు పెడతారు. పూజారి చూడకుండా తీసిన పొట్లంలో ఏముంటే అదే సామి మాట. తెల్లది లేతుకు, ఎర్రది పరోటాకు అనుకున్నాం.

ఎర్రది వచ్చింది.

"సామి సరిగ్గా వినలే. ఇంకోతూరి అడుగప్పా!" అన్నాడు నాయన పూజారితో.

మళ్లీ ఎర్రదే. ఇల్లు చేరేదాకా ఆయన నాతోనే కాదు, మురుగన్‌తో కూడా మాట్లాడలేదు.

కొన్నేళ్లకు నేను సొంతంగా పరోటా అంగడి పెట్టాక ఒక సాయంత్రం నాయన వచ్చి, పరోటా చింపుకుని తింటున్నాడు.

"చూసినావా నాయనా, మురుగన్‌కి నామీద ఎంత పాసమో, ఎంత ప్రేమో!" అన్నాను.

"నీమీద ఏందిరా పాసం? బడి లీవుల్లో పట్టరైకి వచ్చి నువ్వు ఎన్ని కోత టూలు విరిచినావో సామి చూసినాడు. నా లేతును కాపాడినాడు, అంతే. పరోటా మీద కొంచెం సాల్నా పులుసు పొయ్యి."