పాకం పక్కన ఎర్ర అంకెలు

తొంభైల మొదట్లో, నిజామాబాద్‌లో డిప్లొమా చివరి సంవత్సరం చదువుతూ, ఒక కిట్‌ను పాత చీరలో చుట్టుకొని మా ఊరు ఎడపల్లికి బస్సెక్కాను. అది ఒకే పలక మీద అమర్చిన చిన్న కంప్యూటర్. తెర లేదు, ఎర్రగా వెలిగే ఆరు అంకెలే. దానికి తోడు ఇంకో కార్డు. పాకంలో ముంచిన కడ్డీ వేడిని ఈ కార్డు అంకెగా మార్చి, చదునైన రిబ్బన్ కేబుల్ గుండా కిట్‌కు పంపాలి. మా మేనమామ వండే బెల్లం ఎంత వేడికి దిగుతుందో చూపడమే నా ప్రాజెక్టు.

కాలేజీ ల్యాబులో అన్నీ సరిగ్గా వచ్చాయి. మామ గానుగ దగ్గర మాత్రం తొంభై ఎనిమిది చూపిన కిట్, మరుక్షణం ముప్పై నాలుగు అనేది.

మామ పొయ్యిలోకి చెరుకు పిప్పి తోస్తూ నవ్వాడు. "ఏం బిడ్డా, నీ డబ్బకు సలి పెడ్తున్నదా?"

ఆవిరి తెల్లగా లేచి చెరుకు ఆకుల్లో కలిసిపోయేది. ఆ తీపి వాసనలో కూర్చుంటే మెలకువగా ఉన్నానో, కల కంటున్నానో తెలిసేది కాదు. మసకలో కనిపించిన అంకెలన్నీ నోటుబుక్కులో రాసుకుంటూ పోయాను. నూట రెండు, ముప్పై ఎనిమిది. నూట పది, నలభై ఆరు. అప్పుడు తట్టింది: తప్పినప్పుడల్లా సరిగ్గా అరవై నాలుగే తగ్గుతోంది. అంకెను ఒకటి, రెండు, నాలుగు అంటూ రెట్టింపయ్యే భాగాలుగా మోసే ఎనిమిది తీగల్లో అరవై నాలుగును మోసేది ఒక్కటే. అదే మధ్యమధ్యలో మూగబోతోంది. కానీ మీటరు పెట్టి చూస్తే, ఆ తీగ తెగలేదన్నట్టు మీటరు కూత పెట్టింది.

విసిగి ఇంటికొచ్చాను. మా అమ్మను మేం అవ్వ అంటాం. వాకిట్లో బీడీలు చుడుతోంది.

"ముఖం గట్ల పెట్టినవేంది?"

చెప్పాను. చాట పక్కన పెట్టి, తునికాకును సవరించినట్టు కేబుల్‌ను వేళ్ళ మధ్య జార్చింది. కేబుల్ చివరనున్న ప్లాస్టిక్ మూత దగ్గర ఆగింది.

"గీ పక్క జరంత లేసింది సూడు. గట్టిగ కూసోలే."

నా కంటికి ఏమీ కనిపించలేదు. గోరు పెడితే సందులోకి దిగింది. మూత పూర్తిగా నొక్కుకోకపోతే లోపలి పళ్ళు తీగను పట్టుకోవు. గానుగ అదురుకు ఆ కాస్త పట్టూ వదులవుతోంది. సైకిల్ షాపుకు తీసుకెళ్ళి, మర తిప్పి బిగించే వైసులో పెట్టించాను.

"మెల్లగ తిప్పు అన్నా, పలుగుతది," అన్నాను షాపాయనతో.

మూత టక్కుమని కూర్చుంది.

మర్నాడు అవ్వ కూడా వచ్చింది. అంకెలు జారకుండా మెల్లగా ఎక్కాయి. నూట పదహారు, పదిహేడు. మామ నీళ్ళలో పాకం చుక్క వేసి, వేళ్ళతో ఉండ చేసి చూశాడు.

"అయింది, దించుండ్రి."

నూట పద్దెనిమిది. కిట్ వైపు ఆయన చూడనే లేదు. చెరుకు ముక్కకు వేడి బెల్లం అద్ది మా ఇద్దరికీ ఇచ్చాడు. తింటూ కిట్ ఆపడం మరిచిపోయాను. బయటికి తీసిన కడ్డీ గాలికి చల్లారుతోంది. అంకెలు ఒక్కొక్కటే దిగుతుంటే అవ్వ, నేను చూస్తూ కూర్చున్నాం.