అక్క చెవికి ఆఖరి కొలత

ఆ వీధిలో ఆయన్ని అందరూ చెవుల మాస్టారు అంటారు. బడిలో పాఠాలు చెప్పిన మనిషేం కాదు. వినపడనివాళ్లకి చెవి మిషన్లు అమర్చడం, అవి మొరాయిస్తే బాగుచెయ్యడం ఆయన పని. ముందుగదిలో కిటికీ పక్కన ఒక బల్ల, బల్ల మీద పాత కంప్యూటరు, దాని వెనక నించి ఒక వైరు, వైరు చివర చెవి మిషను తగిలించే బుల్లి గూడు. అదే ఆయన దుకాణం. మిషను కూత పెడుతోందని వచ్చినవాళ్లలో సగంమందికి గొట్టంలో గుబిలి తీస్తే సరిపోయేది. ఆ మాత్రం పనికి ఏమీ పుచ్చుకోకుండా, "వెళ్లి మీ ఆవిడ తిట్లు హాయిగా వినండి" అని పంపేసేవారు.

ఆయన పనిలో ఒక పద్ధతి ఉంది. కొలత పెట్టేటప్పుడు మనిషిని గోడవైపు తిప్పి కూర్చోబెట్టేవారు. చెవులు తగ్గినవాళ్లకి పెదాలు చూసి మాట పట్టుకోవడం అలవాటైపోతుంది. ఎదురుగా కూర్చుంటే అన్నీ వినపడుతున్నట్టే తలూపుతారు, పాపం, మనల్ని కష్టపెట్టడం ఇష్టం లేక. అందుకని గోడవైపు తిప్పి, వంటింట్లోంచి భార్యచేత మాట్లాడించి, గిన్నెలు సర్దించి, ఏది ఎలా వినపడుతోందో అడుగుతూ కంప్యూటర్లో అంకెలు పెంచేవారు, తగ్గించేవారు. ఆ ఇల్లాలు అలా ఎంతమంది ముక్కూమొహం తెలియనివాళ్ల కోసం శుభ్రంగా ఉన్న గిన్నెల్నే మళ్లీ మళ్లీ కడిగిందో లెక్కలేదు. ఏనాడూ విసుక్కోలేదు.

మాస్టారు మొట్టమొదట కొలత పెట్టింది సొంత అక్కకే. తల్లి పోయాక ఆయన్ని ఎత్తుకుని పెంచింది ఆవిడే. భర్త పోయిన తర్వాత తమ్ముడి దగ్గరే ఉంటోంది. ఒక విషజ్వరం ఆవిడ వినికిడిని తినేసింది. మిగిలింది కూడా ఏటా కాస్త కాస్త కిందికి జారేది. మాస్టారు ఏటా మిషన్ని కాస్త కాస్త పైకి జరిపేవారు. కొత్తరకం మిషన్లు కూడా తెచ్చి పెట్టి చూశారు. "మాటలన్నీ రేకుల మీద వాన పడ్డట్టున్నాయిరా నాన్నా" అని తీసి చేతిలో పెట్టేసింది. ఆ పాత మిషను ఒక్కటే ఆవిడకి మనిషి గొంతును మనిషి గొంతులా అందించేది.

దాన్ని సరిచేసే ప్రోగ్రాం ఆ పాత కంప్యూటర్లో తప్ప ఇంకెక్కడా నడవదు. ఇంకో కంప్యూటర్లోకి ఎక్కించబోతే అనుమతి నంబరు అడిగేది. ఆ నంబరు ఇవ్వాల్సిన కంపెనీ మూతపడి చాలాకాలమైంది.

ఇలా ఉండగా తెర మీద ఒక కిటికీ తెరుచుకోవడం మొదలుపెట్టింది. మీ ఆపరేటింగ్ సిస్టమ్ పాతబడింది, కొత్తది సిద్ధంగా ఉంది, మార్చమంటారా అని. కింద రెండు మీటలు: ఇప్పుడే, తర్వాత.

మాస్టారు కూతురికి ఫోన్ చేశారు. ఆ అమ్మాయి వేరే ఊళ్లో కంప్యూటర్ల ఆఫీసులోనే పనిచేస్తుంది.

"మార్చుకోకపోతే దొంగ ప్రోగ్రాంలు దూరతాయి నాన్నా. పాతదానికి కాపలా ఎత్తేశారు."

"మార్చుకుంటే?"

"అత్తయ్య ప్రోగ్రాం నడవదు. నేను విచారించాను. మార్చాక వెనక్కి రావడం కూడా నమ్మకం లేదు. ఒక పని చెయ్, నెట్ వైరు పీకేసి వాడుకో."

నెట్ తీసేస్తే అక్క తన చిన్ననాటి స్నేహితురాలిని చూసేదెలా? రోజూ సాయంత్రం ఆ ఇద్దరూ తెర మీద ఎదురెదురుగా కూర్చుంటారు. సగం చెవితో, సగం పెదాలు చూసి మాట్లాడుకుంటారు. ఉన్న ఆ కాస్త సంబరాన్నీ తన చేత్తో ఎలా పీకెయ్యడం? "వైరు ఉండనీలే. మార్చేది మాత్రం లేదు. అక్క ఉన్నంతకాలం ఇది ఇలాగే ఉంటుంది" అనేశారు మాస్టారు.

అన్నారేగాని, పొద్దున్నే ఆ కిటికీ కనపడగానే కళ్లజోడు సవరించుకుని ప్రతి అక్షరం రెండుసార్లు చదివేవారు. 'తర్వాత' అన్నది నొక్కాక కూడా, నొక్కింది అదేనా అని అనుమానం. ముద్ద మింగుడుపడేది కాదు. "దేవుడా, దీన్ని నా కళ్లపడకుండా చెయ్యి" అని మొక్కుకున్నారు.

నిజంగానే అది కనపడటం మానేసింది. మాస్టారు ప్రాణం కుదుటపడింది.

"చూశావా, నా మొర విన్నాడు" అన్నారు భార్యతో.

ఆవిడ తల వంచుకుని బట్టలు మడతపెడుతూ, "మీరు కడుపునిండా తింటున్నారు, అది చాలు" అంది.

ఆ తర్వాత కంప్యూటరు బరువెక్కినట్టయింది. ఎవరూ ముట్టుకోకపోయినా దాని ముందున్న చిన్న దీపం మిణుకుమిణుకుమనేది. లోపలి ఫ్యాను ఆయాసం వచ్చినవాడిలా రొప్పేది. లోపల ఎవరో సామాను దింపుకుంటున్నట్టుండేది. "ముసలిదైపోయింది, మనలాగే" అని నవ్వేసి, వెనకాల దుమ్ము దులిపేవారు మాస్టారు.

ఒకరోజు తెల్లవారేసరికి పక్కింటావిడ మెట్ల మీద జారిపడిందని కబురొస్తే, మాస్టారి భార్య ఉన్నపళంగా వెళ్లింది. అక్క ఇంకా స్నానానికి లేవలేదు. మాస్టారు తానే వచ్చి బల్ల ముందు కూర్చున్నారు. తెర నిండా ఆ కిటికీ. ఈసారి 'తర్వాత' లేదు. కావలసినవన్నీ కంప్యూటర్లోకి దిగిపోయాయి, ఇప్పుడు మార్చమంటారా, సాయంత్రం మార్చమంటారా అని ఉంది. కింద, మీరు ఏదీ నొక్కకపోతే సాయంత్రం అదే మారుతుంది అని ఉంది.

భార్య తిరిగొచ్చేసరికి ఆయన అలాగే కూర్చుని ఉన్నారు. ఆవిడ గుమ్మంలోనే ఆగిపోయింది.

"రోజూ వస్తూనే ఉందండీ" అంది మెల్లగా. "మీరు లేవకముందే నేను 'తర్వాత' నొక్కేసేదాన్ని. మీకు తిండి సయించడం లేదని..."

ఈలోగా అక్క వచ్చింది. ఇద్దరి మొహాలూ చూసి, తెర వైపు చూసి, విషయం గ్రహించింది. "మీ ఆవిడని ఏమీ అనకురా. తను మరిచిపోయిన రోజుల్లో నేనూ నొక్కాను. నీ కంటపడితే బెంగపెట్టుకుంటావని."

"అయ్యో వదినా, మీరూనా?" అంది మాస్టారి భార్య.

"మరి నువ్వొక్కదానివే అనుకున్నావా వాడి తిండి చూసేది?"

మాస్టారికి కోపం రాలేదు. వచ్చుంటే బాగుండేది. వాళ్లు ఆయన కళ్లకి అడ్డంగా పట్టుకున్న చేతుల వెనకాల ఆ కొత్త సిస్టమ్ రోజూ ఒక అడుగు ముందుకేసింది. తనేమో దేవుడు విన్నాడనుకుని నిశ్చింతగా తిన్నాడు, నిద్రపోయాడు.

ఫోన్లో కూతురు, "నెట్ వైరు పీకెయ్ నాన్నా" అంది.

"పీకేశానమ్మా."

"కంప్యూటరు ఆపి మళ్లీ వెయ్యకు. ఆపినా మారిపోతుంది. నేను బయల్దేరుతున్నానుగాని సాయంత్రంలోపు అందుకోలేను. ఇక్కడ అందర్నీ అడుగుతున్నాను. నన్నే నమ్ముకుని మాత్రం కూర్చోకు. చెయ్యాల్సిన పని ఉంటే చేసుకో."

చెయ్యాల్సిన పని ఒక్కటే. అక్క చెవికి ఆఖరి కొలత. ఇకమీదట ఆ మిషన్ని ఎవరూ ఒక్క అంకె కూడా జరపలేరు.

మాస్టారు అక్కని గోడవైపు తిప్పి కూర్చోబెట్టారు. గూడులో మిషను పెట్టారు. అంకెల ముందు ఆయన వేళ్లు ఆగిపోయాయి. ఇవాళ్టి చెవికి సరిగ్గా పెడితే ఇవాళ హాయిగా వింటుంది, వచ్చే ఏటికి మాట మసకబారుతుంది, ఆపైన ఏమీ ఉండదు. రాబోయే చెవికి పెడితే ఇప్పుడు ప్రతి చప్పుడూ మేకులా దిగుతుంది. ఆ సంగతి కాగితం మీద రాసి, అక్క ఎదురుగా వచ్చి చూపించారు.

అక్క చదువుకుంది. "నీ గొంతు ఎక్కువకాలం వినపడేది ఏది?"

ఆయన రెండోదాన్ని చూపించారు.

"అయితే అదే పెట్టు."

"నొప్పిగా ఉంటుందక్కా."

"చిన్నప్పుడు నీకు దగ్గొస్తే రాత్రంతా నన్ను నిద్రపోనిచ్చావా? అప్పుడు లేని నొప్పి ఇప్పుడేం వస్తుంది? పెట్టరా."

అంకెలు పెంచి మిషను చెవికి తగిలించారు. వంటింట్లో మాస్టారి భార్య గిన్నె మీద మూత పెట్టింది, అంతే. అక్క ఒళ్లంతా ఉలిక్కిపడింది. గోడకేసి చూస్తూనే, "బాగుంది" అంది. ఆయనకి ఆవిడ వీపు మాత్రమే కనపడుతోంది.

ఆ సాయంత్రం ముగ్గురూ వరసగా కూర్చుని చూశారు. తెర నల్లబడింది, నీలంగా వెలిగింది, చాలాసేపు సున్నాలు తిప్పింది. చివరికి కొత్త బొమ్మలతో, స్వాగతమంటూ తేటగా వచ్చింది. పాత ప్రోగ్రాం గుర్తు ఉన్నచోటే ఉంది. నొక్కితే, ఇది ఇక్కడ నడవదు అని చెప్పింది. మర్నాడు కూతురొచ్చి తెలిసినవన్నీ చేసింది, తెలిసినవాళ్లని అడిగి చేసింది. సాగలేదు. అత్తయ్య ఒళ్లో తల పెట్టుకుని కాసేపు ఏడ్చి వెళ్లింది.

అప్పట్నించీ ఆ ఇల్లు గొంతు తగ్గించుకుంది. మాస్టారి భార్య గిన్నెల కింద గుడ్డ పరిచింది. తలుపు గడియకి నూనె రాసింది. పక్కింటావిడ, కాలికి కట్టుతోనే, పిల్లల్ని గోడ అవతల బంతి కొట్టొద్దని కేకలేసేది, ఆ కేకలు కూడా గుసగుసగానే. మాస్టారు అక్కతో ఊపిరితో మాట్లాడినట్టు మాట్లాడేవారు. ఆ సన్నటి మాట కూడా ఆవిడకి గట్టిగానే వినపడేది. ఎప్పుడైనా ఎవరి చేతిలోంచైనా చెంచా జారితే ఆవిడ చెవి మూసుకునేది. అది చూసి మాస్టారి గుండె కలుక్కుమనేది. అక్కడికీ రోజూ ఆ చెయ్యి ఎప్పుడు లేస్తుందా అని కనిపెట్టుకునే ఉండేవారు. అది లేచినంతకాలం ఆవిడ చెవి ఇంకా కిందికి జారలేదన్నమాట.

ఎండలు పోయి వానలొచ్చాయి. ఒక మధ్యాహ్నం గుమ్మంలో మిషను బాగుచేయించుకోవడానికి వచ్చిన పెద్దాయనతో మాట్లాడుతూ, పరధ్యానంలో మాస్టారు వెనక్కి తిరిగి మామూలు గొంతుతో పిలిచారు.

"అక్కా, నా కళ్లజోడు అక్కడుందా?"

పిలిచాక గతుక్కుమన్నారు. అక్క కిటికీ దగ్గర, ఆయనకి వీపు చేసి కూర్చుంది. చెయ్యి చెవి దగ్గరికి పోలేదు. భుజం కూడా కదల్లేదు. తాపీగా కళ్లజోడు తీసి ఇటు తిరిగింది. మొహం వెలిగిపోతోంది.

"ఇదిగో. ఒరేయ్, ఇవాళ ఎంత హాయిగా వినపడుతోందిరా నీ మాట. కొంచెం కూడా నొప్పి లేదు."

వంటింటి గుమ్మంలో మాస్టారి భార్య చేతిలో గుడ్డతో అలాగే నిలబడిపోయింది. వీధి గుమ్మంలో పెద్దాయన తన మిషను పట్టుకుని ఎదురుచూస్తున్నాడు. మాస్టారు కళ్లజోడు అందుకున్నారు.

"సంతోషం అక్కా" అన్నారు, ఈసారి కాస్త గట్టిగా.