బొడ్డు పక్కన గడ్డలు

2023 వానాకాలం. వరంగల్ కాశిబుగ్గలో నేను మెడికల్ షాపు పెట్టి అప్పటికి పద్దెనిమిదేళ్లు. కొవ్వు కరిగించే క్రీములంటేనే విసుగొచ్చేసింది. "రాసుకుంటే పొట్ట తగ్గదమ్మా, నడవండి" అని చెప్పి చెప్పి నోరు నొచ్చి, ఆ మాట ఎప్పుడో మానేశాను. అడిగితే ఇచ్చేయడమే.

ఓదెలు కాక గుంట మగ్గం మీద జంపఖానాలు నేసేవాడు. పదేళ్లుగా షుగరు, ఇన్సులిన్ నా దగ్గరే కొనేవాడు. ఆ ఏడు కాలి బొటనవేలికి పుండు పడింది. డోసు ఎంత పెంచినా షుగరు దిగడం లేదు. దిగకపోతే వేలు తీసేయాలన్నాడు డాక్టరు. వేలు పోతే మగ్గం తొక్కడం కష్టం, ఆయనకు వేరే పని రాదు.

మూడు నెలలు ఇన్సులిన్‌తో పాటు కొవ్వు క్రీము కూడా పట్టుకెళ్లాడు. రెండూ ఒకే కవర్లో వేసి ఇచ్చాను. ఈ బక్కమనిషికి ఇదెందుకు అని అడగలేదు. ఇంట్లో ఎవరికోలే అనుకున్నాను.

నాలుగోసారి ఆయనే అన్నాడు. "ఇంకేదన్న గట్టి క్రీము ఇయ్యి బిడ్డా. గడ్డలు కరుగుతలేవు."

"ఏం గడ్డలు కాకా?"

అంగీ ఎత్తాడు. బొడ్డుకు రెండు పక్కలా నిమ్మకాయంత మెత్తటి ఉబ్బు. "మగ్గం కర్ర ఒత్తి ఒత్తి కొవ్వు పేరుకున్నది."

"సూది ఏడ వేసుకుంటానవ్?"

"గీ గడ్డల మీదనే. ఈడైతే జరంత గూడ నొప్పి తెల్వది."

దీన్ని లైపోహైపర్‌ట్రోఫీ అంటారు. ఎప్పుడూ ఒకేచోట ఇన్సులిన్ పొడుస్తుంటే చర్మం కింద కొవ్వు గడ్డకడుతుంది. అందులో వేసిన మందు ఒంటికి సరిగా అందదు. ఏ క్రీముకూ అది కరగదు. ఇదంతా నేను చదువుకున్నదే.

సొంతంగా చోటు మార్చొద్దని గట్టిగా చెప్పాను. అంత డోసు మంచి చోట పడితే షుగరు ఒక్కసారిగా పడిపోతుంది. చీటీ రాసి అప్పుడే ఆటో ఎక్కించి డాక్టరు దగ్గరికి పంపాను. డాక్టరు డోసు తగ్గించి, సూది చోట్లు మార్పించాడు. కొన్ని వారాల్లో షుగరు దిగింది. కానీ అప్పటికే వేలు నల్లబడింది, తీసేశారు.

కట్టు విప్పాక కాక షాపుకొచ్చాడు. "నువ్వడిగినవు గాబట్టి పాదమన్న దక్కింది బిడ్డా."

"మూడు ట్యూబులు అమ్మినంక అడిగిన కాకా."

ఆయన సంచి ముందుకు చాపాడు. "సూదులియ్యి," అన్నాడు.

ఇప్పుడు ఏ క్రీము అడిగినా ఎక్కడ రాస్తారని అడిగాకే ఇస్తున్నాను. కొందరు నవ్వుతారు, కొందరు కసురుకుంటారు. సాయంత్రానికి నాకూ ఓపిక ఉండదు, అయినా అడుగుతాను. ఓదెలు కాక మగ్గంలో కూర్చోవడం లేదు. ఇంట్లో వేరే నేతగాళ్ల కోసం నూలు కండెలు చుడుతున్నాడు.